లత్తుక పూసిన సీతాకోకచిలుకలు

హైదరాబాద్ హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు గల్లీ చివర, వాకిలికి గోనెపట్టా తెర వేలాడే ఇంట్లో షౌకత్ బీ కాపురం. గోడ మీదుగా గల్లీలోకి వంగిన నిమ్మచెట్టు ఆ ఇంటికి గుర్తు. మొగుడు దస్తగీర్ లాడ్ బజార్‌లో పేరున్న లక్క గాజుల పనివాడు. బొగ్గుల కుంపటి ముందు గొంతుక్కూర్చుని, కరిగిన లక్కను సన్నటి తీగలా సాగదీసి, వేడి ఆరేలోగా గుండ్రటి కట్టె అచ్చు మీద చుట్టి గాజు తేల్చేవాడు. ఆ గాజు చల్లబడకముందే దాని మీద అద్దపు నగీనాలు పొదగడం షౌకత్ బీ పని. పట్టకారు లాంటి చిమటా కొసతో నగీనాను పట్టి అదిమితే అది కన్ను మూసి తెరిచేలోగా లక్కలో కూర్చునేది. వాళ్లిద్దరి చేతుల్లోంచి వచ్చిన గాజుల జోడు మీద వేరే ఎవరి చెయ్యీ పడలేదని చూడగానే చెప్పవచ్చని అంగడివాళ్లు అనేవారు. ఇంట్లో దక్కనీ, అంగట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడుకునే మామూలు సంసారం. పుట్టిన ఇద్దరు బిడ్డలూ పొత్తిళ్లలోనే పోయారు. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు.

1936 ఎండాకాలంలో కుంపటి మీది లక్క మూకుడు ఒరిగిపోయింది. అది నేలపాలైతే సరుకు దండగ అనుకున్నాడో ఏమో, దస్తగీర్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మరిగే నీళ్లయితే జారిపోయేవి. లక్క జారదు, అతుక్కుంటుంది. దాన్ని పీకబోతే చర్మంతో సహా ఊడి వచ్చింది. మానడానికి వానాకాలం దాకా పట్టింది. మానేసరికి నాలుగు వేళ్లూ ఒకదానికొకటి కలిసిపోయి చెయ్యి గరిటెలా మిగిలింది.

పని పోయిన దస్తగీర్ నిమ్మచెట్టు కింద నులక మంచం వేసుకుని పడుకునేవాడు. ఎవరైనా పలకరిస్తే కుడిచేతిని కుర్తా జేబులో దాచేవాడు. షౌకత్ బీ వేరేవాళ్ల గాజులకు నగీనాలు పొదగడానికి పోతానంటే ఒప్పుకోలేదు.

"నా భట్టి ఆరిపోయిందని ఊరంత చాటింపేస్తవా?" అన్నాడు.

వాళ్లకు తండ్రుల కాలం నుంచి లక్క, నగీనాలు అమ్మే వ్యాపారి వైకుంఠం ఒకరోజు వాకిట్లోకి వచ్చి తెర బయట నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి.

"దస్తగీర్ భాయ్, ఒక ముచ్చట చెప్పనీకి వచ్చిన. సికింద్రాబాద్ ఫౌజు దండుల ఒక డాక్టర్ దొర ఉన్నడు. తిత్లీలు, గదే సీతాకోకచిలుకలు జమచేస్తడు. సూదులు గుచ్చి అద్దాల పెట్టెలల్ల పెడుతడు. వల వేసి పట్టినయి తెచ్చిస్తే రెక్కలు చినిగినయని ఇసిరి పారేస్తున్నడు. పగులు లేనియి కావాలె. మీ చెట్టు మీద పురుగులు మస్తు ఉంటయి గద. సాకి, రెక్కలు విప్పంగనే ఇస్తే పనైతది."

"పురుగులు సాకుడా?" దస్తగీర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "సేఠ్, చెయ్యి పోయింది కానీ ఇజ్జత్ పోలే."

తెర వెనక నుంచి షౌకత్ బీ గొంతు వినిపించింది. "నేను చేస్త అన్నా. ఎట్ల కావాల్నో చెప్పున్రి."

దస్తగీర్ అటు తిరిగి పడుకున్నాడు. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఒప్పుకోలు అప్పటి నుంచి అలాగే ఉండేది.

అంతకుముందు ఆమెకు గొంగళిపురుగంటే చెట్టును తినే పీడ. పుల్లతో దులిపి కోడికి వేసేది. ఇప్పుడు అదే చెట్టు ముందు పొద్దున్నే నిలబడి చూడటం మొదలుపెట్టింది. నగీనాలు పొదిగిన కళ్లు కాబట్టి ఆవగింజంత గుడ్డు కూడా దొరికిపోయేది. లేత చిగురు అంచున ఒంటరిగా, గుండ్రంగా, మీగడ రంగులో ఉండేది. పగిలిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల ముందు తన గుడ్డు పెంకునే తినేది. పెరిగినకొద్దీ అచ్చం పిట్ట రెట్టలా నల్లగా, తెల్లటి మరకతో కనిపించేది. పిచ్చుకలు వచ్చి పక్కనే వాలినా దాన్ని తాకేవి కావు. చర్మాలు విడిచి విడిచి చివరికి ఒకనాడు ఆకుపచ్చగా, బొద్దుగా తేలేది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు మెత్తటి కొమ్ములు బయటపెట్టి, కుళ్లిన నిమ్మపండు వాసన కొట్టేది. తినడం మానిందంటే గూడు కట్టే వేళయిందన్నమాట. కొమ్మకు తోక అతికించి, నడుముకు ఒక దారం చుట్టుకుని, గర్భిణి వెనక్కి వాలినట్టు వాలి ఉండిపోయేది. తెల్లారేసరికి పురుగు లేదు, కాయలాంటి గూడు ఉంది.

ఆమె పాత కుండలకు దోమతెర గుడ్డ కట్టి వాటిలో కొమ్మలు పెట్టింది. మొదటి విడత గూళ్లు చాలావరకు నల్లబడ్డాయి. ఒకనాడు ఒక గూటికి సూదిమొన అంత రంధ్రం కనబడితే, సీతాకోకచిలుక వస్తుందని కళ్లార్పకుండా కూర్చుంది. లోపలి నుంచి మెరిసే చిన్న చిన్న ఈగలు ఒకటి వెంట ఒకటి బారుగా నడిచి వచ్చాయి. గూట్లో ఇంకేమీ లేదు, ఉత్త డొల్ల. పురుగు బతికుండగానే దాన్ని లోపలి నుంచి తినేశాయి. షౌకత్ బీ ఆ డొల్లను పొయ్యిలో పారేసింది.  ఆ తర్వాత గుడ్డు దొరికిన నాడే కుండలోకి చేర్చి గుడ్డ బిగించడం నేర్చుకుంది.

పెంచడం ఒక ఎత్తు, చంపడం ఇంకో ఎత్తు. రెక్కలు విప్పి ఆరిన తర్వాత, ఇంకా ఎగరకముందే, రెక్కల కింద ఒంటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కాలి. వైకుంఠం తెర అవతల నిలబడి, గాల్లో వేళ్లు నొక్కుతూ చెప్పాడు.  చిమటాతో నగీనాను అదిమినంత బలం చాలు. చిన్న చప్పుడు, అంతే. చచ్చినదాన్ని కాగితం మడతలో పెట్టి బియ్యం డబ్బాలో దాచేది. పక్కింటి అజ్మతున్నీసా గోడ మీదుగా చూసి, "సొంత పిల్లలు దక్కలే, పరాయి పిల్లల్ని సాకి గొంతు పిసుకుతున్నవా షౌకత్?" అంది. ఆ మాట అన్నది అన్నట్టే షౌకత్ బీ లోపల దిగబడిపోయింది. అయినా ఇంట్లో పొయ్యి వెలగాలి.

ఆరు నెలలు తిరిగేసరికి దొర నిమ్మచెట్టు మీది పసుపు, నలుపు గళ్ల సీతాకోకచిలుకలు చాలన్నాడు. అతనికి ఎర్రనివి కావాలి. రెక్కలు నల్లగా, కింది రెక్కల మీద ఎర్రటి చుక్కలు, తల, పొట్ట రక్తంలో ముంచినట్టు ఎరుపు. అవి నిమ్మ మీద బతకవు. గాడిదగడపాకు మీదే పెరుగుతాయి. నేల మీద పాకే ఆ కంపు మొక్క దగ్గరలోని కబరస్తాన్‌లో సమాధుల మధ్య విరివిగా ఉండేది. అక్కడి కావలి మొహియుద్దీన్ ముసలివాడు. షౌకత్ బీ బుర్ఖా వేసుకుని పోతే ఏమీ అడిగేవాడు కాదు. తన బిడ్డల గోరీల పక్కనే వంగి ఆమె ఆకుల కింద వెతికేది. వంగపండు రంగు పురుగులు, ఒంటినిండా ఎర్రటి కండ ముళ్లు. ఆ మొక్క విషమంతా వాటి ఒంట్లోకి దిగేదేమో, కాకులు కూడా ముట్టవు. పెద్దయిన సీతాకోకచిలుకలకు అదే కంపు. వాటిని చంపడం మరీ కష్టం. ఒళ్లు తోలులా సాగేది. చచ్చిందనుకుని కాగితంలో పెడితే మధ్యాహ్నానికి మడతలో కదిలేది. మళ్లీ నొక్కాల్సి వచ్చేది.

అప్పుడే ఒక వింత జరిగింది. నిమ్మచెట్టు గుడ్ల నుంచే ఎర్రచుక్కల నల్లరెక్కలది ఒకటి బయటికొచ్చింది. షౌకత్ బీ సంబరపడి వైకుంఠానికి చూపించింది. అతను దాన్ని వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇది దొంగది చెల్లె. ఒళ్లు చూడు, నల్లగున్నది. దొర ముందే చెప్పిండు, గిట్లాంటియి తెచ్చి నన్ను మోసం చేయకున్రి అని."

దొంగది ఎలా అయ్యిందో ఆమెకు అర్థం కాలేదు. చెట్టు మీద గుడ్డు పెడుతున్న ఒక ఎర్రచుక్కలదాన్ని చూసింది. ఒళ్లు నలుపు. దాన్ని కొమ్మతో సహా దోమతెర గుడ్డలో కట్టేసి, అది పెట్టిన గుడ్లను విడిగా ఒకే కుండలో పెంచింది. అవి రెక్కలు విప్పుకునే రోజుల్లో పొద్దంతా కుండ దగ్గరే కూర్చుంది. మగవన్నీ ఉత్త నలుపు, కింది రెక్క మీద తెల్లటి చుక్కల వరస. ఆడవాటిలో కొన్ని అచ్చం వాటి లాగే ఉన్నాయి. కొన్ని మాత్రం తల్లిలా ఎర్రచుక్కలతో, కబరస్తాన్‌లోని విషపు జాతి వేషంలో వచ్చాయి. అన్నీ ఒక్క కడుపున పుట్టినవే. అన్నకూ చెల్లెలికీ పోలిక లేదు, ఏ సంబంధమూ లేని పరాయిదానికీ చెల్లెలికీ ఉంది. విషం లేని పిల్ల విషమున్నదాని చీర కట్టుకుంటే పిట్టలు భయపడి తినవన్నమాట. ఆమెకు పెళ్లయిన తర్వాత అంత సంతోషం కలిగిన రోజు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ దస్తగీర్‌కు చెప్పింది. "ఒక్క తల్లి పిల్లలే, నమ్మున్రి. చీర ఒక్కటే తేడా. ఒంటికి ఇంత ఎరుపు రాస్తే, అసలుది ఏదో నకిలీది ఏదో నేను కూడ చెప్పలేను."

"పురుగుల చుట్టరికాలు మనకెందుకు?" అన్నాడు దస్తగీర్.

వైకుంఠానికీ చెప్పింది. "దొర అడగనిది మనకెందుకు చెల్లె?" అని నవ్వేసి వెళ్లిపోయాడు. ఇక ఎవరికీ చెప్పలేదు. నిమ్మచెట్టు మీది ఎర్రచుక్కలవి గూడు విడిచిన పొద్దు గుడ్డ తీసి ఎగరేసేది. చంపక్కర్లేనివి ఆ ఇంట్లో అవొక్కటే.

1937 షబ్బరాత్ ముందు కబరస్తాన్ శుభ్రం చేశారు. ఏటా చేసేదే. పండగనాడు తమవాళ్ల గోరీల మీద పూలు వేసి దీపం పెట్టుకోవడానికి జనం వస్తారు కాబట్టి, పిచ్చి మొక్కలన్నీ కూకటివేళ్లతో పీకి తగలబెట్టారు. షౌకత్ బీ వెళ్లేసరికి సమాధుల మధ్య నున్నటి మట్టి, బూడిద.

"చెప్తే కొంచెం ఇడిచిపెడుతుంటి గద బిడ్డా," అన్నాడు మొహియుద్దీన్.

సరిగ్గా ఆ వారంలోనే వైకుంఠం కబురు తెచ్చాడు. దొర ఓడెక్కి సీమకు వెళ్లిపోతున్నాడు, వెళ్లేలోగా ఎర్ర ఒంటివి ఒక పెట్టె నిండా కావాలి. షౌకత్ బీ మొక్కలు లేవని చెప్పబోయింది. ఇంతలో మంచం మీది నుంచి దస్తగీర్, "ఇస్తం సేఠ్, ఫికర్ చేయకు," అన్నాడు. పని పోయిన తర్వాత అతని నోట ఆ ధీమా వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి అతను తెల్లారగానే వల తీసుకుని బయల్దేరాడు. ఫలక్‌నుమా గుట్టల కింద గాడిదగడపాకు మస్తుగా ఉందని, ఎర్ర ఒంటివి అక్కడ గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయని చెప్పాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కొట్టుగదిలో తలుపేసుకునేవాడు. బయటికి వచ్చినప్పుడు చేతిలో మడత కాగితాలు. ఎడమచేత్తో ఒకటి విప్పి చూపించాడు. రెక్క చెదరలేదు. తల, పొట్ట ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఎట్లున్నయి?"

షౌకత్ బీ కాగితాన్ని ముఖం దగ్గరికి తీసుకుంది. కంపు లేదు. పట్టీ పట్టనట్టు నానిన లక్క వాసన. ముందురోజు కుండలో రెండు గూళ్లు ఖాళీగా కనబడితే, ఎగిరిపోయాయేమో అనుకుంది. గుడ్డ మాత్రం కట్టింది కట్టినట్టే ఉంది. తను నీళ్లకు వెళ్లిన వేళ ఎవరు గుడ్డ విప్పి మళ్లీ ముడేశారో ఇప్పుడు తెలిసింది.

పచ్చి లక్కను నీళ్లలో నానబెడితే దిగే ఎర్ర రంగు లత్తుక, అది దిగిపోకుండా పట్టి ఉంచేది పటిక. గాజులవాడికి అది చేతిలో పని. అతికిన వేళ్లతో సీతాకోకచిలుకను ఒడిసిపట్టి, ఇంకో చేత్తో సన్నటి పుల్లకు దూది చుట్టి పూసి ఉంటాడు. ఎంత ఓపిగ్గా పూశాడంటే, ఒంటి మధ్య నలుపు వదలాల్సిన చోట వదిలాడు, రెక్క మీద బొట్టయినా పడనీయలేదు. లాడ్ బజార్‌లో కుడిచెయ్యి ఉన్నవాడు కూడా అలా చెయ్యలేడు. మొగుడి ముఖంలోకి చూసింది. భట్టి ముందు మంచి జోడు తేలిన రోజు ఉండే వెలుగు మళ్లీ కనబడింది.

"మస్తున్నయి," అంది.

ఆ రాత్రి అతను రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు. ఆ నెలంతా గల్లీలో నలుగురితో మాట్లాడాడు. గడ్డం దిద్దించుకున్నాడు. ఒకరోజు తెలియకుండానే కుడిచేతిని జేబులోంచి బయటికి తీసి పిల్లికి చేప ముల్లు విసిరాడు.  షౌకత్ బీ ఖాళీ గూళ్లను ఏరి, అతని కంట పడకుండా పొయ్యిలో వేసేది. అబద్ధం ఎన్నాళ్లు నిలుస్తుందని ఆమె ఆలోచించకపోలేదు. దొర వెళ్లిపోతాడు, పెట్టెను ఓడ ఎక్కిస్తాడు, అక్కడెవరు చూస్తారు అని తనకు తాను చెప్పుకుంది.

చలి మొదలైన తర్వాత ఒక మధ్యాహ్నం వైకుంఠం వచ్చాడు. ఈసారి తెర బయట ఆగలేదు. తెర ఎత్తుకుని ముంగిట్లోకే వచ్చాడు. షౌకత్ బీ కొంగు ముఖం మీదికి లాక్కుని గుంజ వెనక్కి తప్పుకుంది. అతని చేతిలో తెల్ల రుమాలు, దాని మీద ఎర్రటి మరకలు.

"దస్తగీర్ భాయ్, ఏంది గిది?"

దస్తగీర్ కుడిచేతిని జేబులోకి తోసుకున్నాడు.

"ఎండినవాటిని మెత్తవడనీకి దొర తడి పెట్టెల పెట్టిండు. తెల్లారి తీస్తె పెట్టెంత ఎరుపు. గీ రుమాలుతోని తుడిసి నాకిచ్చిండు. కోపం చేస్తె పడుతుంటి. నవ్విండు భాయ్! దోస్తులను పిలిచి, హైదరాబాదోల్లు తిత్లీలకు రంగేసిన్రు అని చూపెట్టి నవ్విండు. గంతమంది ముంగట నేను తల వంచుకోని నిలవడ్డ."

దస్తగీర్ రుమాలునే చూస్తున్నాడు. "రంగు గంత తడికి గూడ దిగిందా?" అన్నాడు చివరికి. మోసం బయటపడిందన్న భయం కంటే, పని చెడిందన్న బాధ ఆ గొంతులో ఎక్కువగా ఉంది.

వైకుంఠం కోపం దానితో ఇంకా రేగింది. "ఇంకో ముచ్చట విను. నవ్వుడైనంక దొర అడిగిండు, గీ నల్ల ఒంటియి ఇన్ని యాడ దొరికినయి అని. నిమ్మచెట్టు మీద సాకినయేమో అన్న. ఆయన లేచి నిలవడ్డడు. ఒక్క తల్లి గుడ్లు, అండ్ల మొగయి, ఆడయి, ఎర్రయి, నల్లయి అన్ని కలిపి ఇస్తే, ఏండ్ల సంది నేను దేవులాడుతున్నది గదే, ఏమడిగినా ఇస్తుంటి అన్నడు. ఇప్పుడు మీ మాట నమ్మలేను, నడువు అన్నడు."

 వైకుంఠం గుంజ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు నాకు చెప్పినవు చెల్లె. నేనే చెవిన పెట్టలే. గది నా తప్పు. కానీ నా అంగడి పేరు పోయింది. ఇగ ఈ ఇంటి సరుకు నేను ముట్టను." రుమాలు మంచం మీద వదిలేసి వెళ్లిపోయాడు.

దస్తగీర్ రుమాలు మీంచి తలెత్తాడు.

"నీకు ఎరుకనా? నేను పూసిన సంగతి?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పి ఉంటే ఏమయ్యేదో. షౌకత్ బీ తల ఊపింది.

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

"మస్తున్నయి అన్నవు గద?"

"పని మస్తుండె, అందుకే అన్న. మీరు నవ్వుతుంటే..."

"నేను నిన్ను గూడ నమ్మించిన అనుకున్న షౌకత్," అన్నాడు. "నా చేతి పని చూసి నువ్వు మోసపోయినవు, నువ్వే మోసపోతే ఇగ ఎవ్వడు పట్టడు అనుకున్న. నువ్వు నన్ను పిల్లగాన్ని ఆడిపిచ్చినట్టు ఆడిపిచ్చినవు." అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు తేలికయ్యేది.

మర్నాడు పొద్దున్నే అతను గొడ్డలి తెచ్చి నిమ్మచెట్టు మొదట్లో వేశాడు. ఎడమచేతి దెబ్బ, అలవాటు లేని దెబ్బ. ఒకటి చెట్టుకు తగిలితే ఒకటి గోడకు. నిమ్మకట్టె గట్టిది. చెమటతో కుర్తా తడిసి ఒంటికి అంటుకుంది. గల్లీవాళ్లు మిద్దెలెక్కి చూశారు. షౌకత్ బీ ఒకసారి గొడ్డలి పట్టుకోబోయింది. అతను ఆగి, ఆమె చెయ్యి తీసేవరకు ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు చెట్టు గోడ మీదికి వాలి, కొమ్మలు విరుచుకుంటూ ముంగిట్లో పడింది. దాని కింద కుండలు పగిలిపోయాయి.

పడిన కొమ్మల మీద పురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి. రెండు మూడు రోజులు ఆకు పచ్చిగా ఉన్నంతసేపూ తిన్నాయి. ఆకు చుట్టుకుపోయి కరకరమనడం మొదలయ్యాక, దిగి గోడల మీదికి పాకాయి. సున్నం గోడ మీద తలలెత్తి అటూ ఇటూ ఊపుతూ వెతికేవి. షౌకత్ బీ వాటిని ఏరి చెంగులో వేసుకుని అజ్మతున్నీసా గుమ్మంలోకి వెళ్లింది. ఆమె పెరట్లో కరివేపచెట్టు ఉంది. ఆ ఎర్రచుక్కల జాతి పురుగులు కరివేపాకు కూడా తింటాయి.

"నాలుగు దినాలు ఉండనియ్యున్రి ఖాలా."

"వద్దు తల్లీ. నీ ఇంటి పీడ నా ఇంటికి తేకు," అని ఆమె తలుపు దగ్గరికి వేసింది. మాటలో కోపం లేదు, భయం ఉంది.

షౌకత్ బీ ఇంటికొచ్చి చెంగు విప్పింది. కొన్ని అప్పటికే మెత్తబడిపోయాయి. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో వంట నిమ్మకట్టెల మీదే సాగింది. కొమ్మలకు నడుం కట్టుకుని వేలాడుతున్న గూళ్లు కొన్ని కట్టెలతో పాటే పొయ్యిలోకి పోయాయి. ఆమె మొదట్లో వెతికి తీసేది. తర్వాత వెతకడం మానేసింది.

దస్తగీర్ ఒక కట్టెల అడితీలో కావలి పనికి కుదిరాడు. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చి, పెట్టింది తిని పడుకునేవాడు. ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి. 1939 వానల్లో అతనికి జ్వరం పట్టుకుంది. హకీం దాన్ని మోతీఝరా అన్నాడు. పేగులను పుండు చేసే జ్వరం, అన్నం పెట్టొద్దన్నాడు. మూడో వారానికి మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఒక పొద్దున కొంచెం తెరిపినిచ్చినట్టు కళ్లు తెరిచి, కుడిచేతిని తన ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు.

"షౌకత్."

"చెప్పున్రి."

"నిజం చెప్పు. రంగు మంచిగ పట్టిందా లేదా?"

ఆమె తడిగుడ్డ పక్కన పెట్టింది. "మస్తు పట్టింది. దొర కూడ కండ్లతోని చూసి పట్టలేదు గద. నీళ్లు తగిలితేనే దిగింది."

"పటిక జరంత ఎక్కువ పడాలె," అన్నాడు దస్తగీర్. "తొందరల తక్కువేసిన." ఆ తర్వాత అతను మాట్లాడింది ఎవరికీ అర్థం కాలేదు. ఆ రాత్రి దాటలేదు. మర్నాడు శుక్రవారం, జుమ్మా. నమాజు తర్వాత అదే కబరస్తాన్‌లో పూడ్చిపెట్టారు.

మొగుడు పోయినామె ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్ దినాలు ముగిసేసరికి ఇంటి కిరాయి కట్టలేని స్థితి వచ్చింది. కుంపటి ముందు కూర్చుని నగీనాలు పొదుగుదామంటే లక్క వాసన తగలగానే ఆమె లేచి వచ్చేసేది. వైకుంఠం ఆ కబురు విని వచ్చి, ఈసారి మళ్లీ తెర బయటే నిలబడ్డాడు. ఫలక్‌నుమా అవతల ఒక జాగీర్దారుకు నిమ్మ, నారింజ తోట ఉందని, పురుగు పట్టి చెట్లు పాడైపోతున్నాయని, గుడ్డును గుర్తుపట్టే మనిషి కోసం తోట చూసుకునే దారోగా వెతుకుతున్నాడని చెప్పాడు.

"పురుగు పుట్టకముందే తీసెయ్యాలె. గా పని నీకంటె ఎవరికి వస్తది చెల్లె?" అన్నాడు, నేల చూస్తూ. మంచి చెయ్యాలనే వచ్చాడు.

షౌకత్ బీ ఫలక్‌నుమాలో రైలు పట్టాల దగ్గర ఒక గది తీసుకుంది. పొద్దున్నే తోటకు నడిచి వెళ్లేది. వరస వెంట వరస చిగుళ్లను వంచి చూసి, మీగడ రంగు గుడ్డు కనబడితే బొటనవేలితో నలిపేసేది. పిట్ట రెట్ట లాంటి పిల్ల కనబడితే దాన్ని కూడా. తోటలో మిగతా కూలివాళ్లు నిజంగా పిట్ట రెట్టలనే ఏరి పారేస్తుంటే నవ్వొచ్చేది ఒక్కోసారి. రెండేళ్లలో తోట కోలుకుంది. దారోగా ఆమె పనిని మెచ్చుకుని, ఇంకో తోట కూడా అప్పగించాడు. యుద్ధం ముదిరింది, బియ్యం దొరకని రోజులు వచ్చాయి, రైళ్లు జనంతో క్రిక్కిరిసిపోయాయి. ఆమె పని ఆగలేదు. చిగురు వేసే చెట్టు మీద గుడ్డు పడుతూనే ఉంటుంది.

ఎండ ఎక్కకముందే ఎర్రచుక్కల నల్లరెక్కలది ఒక్కోసారి ఆమె కంటే ముందు వరసలోకి వచ్చేది. ఒక్కో చిగురునూ ముందుకాళ్లతో తట్టి చూసుకుంటూ, నచ్చినచోట పొట్ట వంచి గుడ్డు పెట్టేది. దాని ఒళ్లు నలుపు. షౌకత్ బీ అడుగు తీసి అడుగు వెయ్యకుండా చెట్టు పక్కన నిలబడేది. దాన్ని తోలేది కాదు, తొందరపెట్టేది కాదు. అది పని ముగించుకుని, గట్టు దాటి, కంటికి కనబడనంత దూరం పోయేదాకా ఆగేది. ఆ తర్వాత కొమ్మను దగ్గరికి లాగి, ఆకు తిప్పి, గుడ్డు మీద బొటనవేలు పెట్టేది.